లాన్ కేబుల్ పెట్టినా నెట్ పోయి వస్తోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

వైఫైలో నెట్ ఆగిందంటే అర్థం చేసుకోవచ్చు. మధ్యలో గోడ ఉంది, పక్క ఫ్లాట్ వాళ్ళ రూటర్ ఉంది, వంటింట్లో మైక్రోవేవ్ ఉంది. కానీ రూటర్ నుంచి పీసీ దాకా కేబుల్ లాగి, టక్ మని సౌండ్ వచ్చేదాకా గుచ్చిన తర్వాత కూడా ప్రతి పది ఇరవై నిమిషాలకీ "నో ఇంటర్నెట్" అని వస్తుంటే మాత్రం మండుతుంది. వాలొరెంట్ ర్యాంక్డ్ మ్యాచ్ మధ్యలో పోతే పెనాల్టీతో సరిపోతుంది. ఆన్‌లైన్ ఇంటర్వ్యూ మధ్యలోనో, కెమెరా ముందు రాసే ఎగ్జామ్ మధ్యలోనో పోతే అంత తేలిగ్గా సరిపోదు.

ఇలాంటప్పుడు చాలామంది చేసే పనులు ఒకే వరసలో ఉంటాయి. రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేస్తారు, డ్రైవర్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తారు, నెట్‌వర్క్ రీసెట్ కొడతారు, ఆ తర్వాత విండోస్ ఫార్మాట్, అదీ కుదరకపోతే రెండు మూడు వేలు పెట్టి కొత్త రూటర్. చివరికి చూస్తే తప్పు కుర్చీ చక్రం కింద నలిగిన కేబుల్‌ది అయి ఉంటుంది. పీసీ నుంచి బయటి ఇంటర్నెట్ దాకా ఉన్న దారిలో ఎక్కడ తెగుతోందో ముందు తేల్చుకుంటే ఈ ఖర్చులో సగం తగ్గుతుంది. అది తేల్చడానికి ఒక గంట, ఒక స్పేర్ కేబుల్ చాలు.

రెండు పింగ్ విండోలు

టెస్ట్ మొదలుపెట్టే ముందు పీసీలో వైఫై ఆఫ్ చేసేయండి. వీపీఎన్ ఉంటే అదీ ఆపేయండి. లేకపోతే కేబుల్ లింక్ పడిపోయినప్పుడు విండోస్ చప్పుడు కాకుండా వైఫైకి మారిపోతుంది, మీకు ఏదీ సరిగ్గా తేలదు.

స్టార్ట్‌లో సీఎండీ అని టైప్ చేసి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. ఐపీకాన్ఫిగ్ అని కొడితే "డిఫాల్ట్ గేట్‌వే" అనే లైన్ కనిపిస్తుంది. అదే మీ రూటర్ అడ్రస్. ఎక్కువ ఇళ్ళలో 192.168.1.1 ఉంటుంది, జియోఫైబర్ అయితే 192.168.29.1. ఇప్పుడు పింగ్ అని రాసి, ఆ అడ్రస్ ఇచ్చి, చివర ఒక స్పేస్, హైఫన్, ఇంగ్లిష్ టి అక్షరం పెట్టి ఎంటర్ కొట్టండి. ఆపేదాకా అది సెకనుకోసారి రూటర్‌ని పలకరిస్తూనే ఉంటుంది. ఇంకో విండో తెరిచి ఇదే పని 8.8.8.8 మీద చేయండి. అది గూగుల్ డీఎన్‌ఎస్ సర్వర్, అంటే బయటి ప్రపంచం. రెండు విండోలూ పక్కపక్కన పెట్టుకుని మీ పని మీరు చేసుకోండి. నెట్ ఆగిన క్షణంలో వాటి వైపు చూడండి.

రూటర్ విండోలో 1 మిల్లీసెకను లోపే జవాబులు వస్తూ, 8.8.8.8 మాత్రం ఆగిపోయిందా? అయితే మీ కేబుల్, మీ పీసీ రెండూ నిర్దోషులు. గొడవ రూటర్‌లోనో, దాని అవతలో ఉంది. దాని గురించి చివర్లో చెప్తాను. రెండూ ఒకేసారి ఆగాయా? అయితే గొడవ ఇంట్లోనే, పీసీకీ రూటర్‌కీ మధ్య. రెండూ బాగానే నడుస్తూ వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకోకపోతే అది డీఎన్‌ఎస్ సమస్య. అడాప్టర్ సెట్టింగ్స్‌లో డీఎన్‌ఎస్‌ని 1.1.1.1కో 8.8.8.8కో మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో అయిపోతుంది.

రెండు జాగ్రత్తలు. కొన్ని రూటర్లు పింగ్‌కి అసలు జవాబే ఇవ్వవు, మొదటి నుంచీ టైమ్ అవుట్ వస్తుంటే అది ఫాల్ట్ కాదు, సెట్టింగ్. రెండోది, రెండు విండోలూ ఒకేసారి ఆగినప్పుడు ఫోన్‌లో వైఫై కూడా మాయమైందేమో చూడండి. మాయమైందంటే రూటరే రీస్టార్ట్ అవుతోంది. అప్పుడు చూడాల్సింది కేబుల్ కాదు, రూటర్ పవర్ అడాప్టర్.

ఎవరూ చూడని "డ్యూరేషన్" లైన్

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ అని కొట్టండి. వచ్చిన లిస్టులో ఈథర్‌నెట్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఒక పాతకాలపు చిన్న బాక్స్ తెరుచుకుంటుంది. అందులో డ్యూరేషన్, స్పీడ్ అని రెండు లైన్లు ఉంటాయి. ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన టూల్ ఇదే. పైసా ఖర్చు లేదు, ఇన్‌స్టాల్ చేసేదీ లేదు.

డ్యూరేషన్ అంటే లింక్ తెగకుండా ఎంతసేపటి నుంచి ఉందో చెప్పే టైమర్. నెట్ పోయి వచ్చాక అది మళ్ళీ సున్నా నుంచి మొదలైందంటే, పీసీకీ రూటర్‌కీ మధ్య కరెంటు సిగ్నల్ స్థాయిలోనే కనెక్షన్ తెగిందని అర్థం. అంటే కేబుల్, ప్లగ్, పోర్ట్, లేదా లాన్ చిప్. వీటిలో ఒకటే. డ్యూరేషన్ మూడు గంటలు దాటి హాయిగా నడుస్తూ, నెట్ మాత్రం పోతోందంటే లింక్‌కి ఏమీ కాలేదు. ఐపీ అడ్రస్, డ్రైవర్, ఫైర్‌వాల్, బయటి లైన్ లాంటివి చూసుకోవాలి. ఐపీకాన్ఫిగ్‌లో 169.254తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే పీసీకి రూటర్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. లింక్ సరిగ్గా ఉండి కూడా ఇలా వస్తుంటే రూటర్‌ని ఒకసారి రీస్టార్ట్ చేసి, డీహెచ్‌సీపీ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

మీరు పక్కన లేనప్పుడు కూడా తెగుతోందా అని తెలుసుకోవాలంటే ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్ చూడండి. ఇంటెల్ లాన్ చిప్ ఉన్న బోర్డుల్లో లింక్ పడిపోయిన ప్రతిసారీ 27 నంబర్ వార్నింగ్ టైమ్‌తో సహా పడుతుంది. ఈ టైమ్‌లు చాలా విషయాలు బయటపెడతాయి. రోజూ పొద్దున నీళ్ళ మోటార్ వేసే వేళకే పడుతోందా, కరెంటు పోయి ఇన్వర్టర్ మీదకి మారినప్పుడు పడుతోందా, పీసీ స్లీప్‌లోంచి లేచినప్పుడు మాత్రమే పడుతోందా అన్నది అక్కడే దొరికిపోతుంది.

100 దగ్గర ఆగిన స్పీడ్ చెప్పే కథ

ఇక ఆ బాక్స్‌లోని రెండో లైన్, స్పీడ్. అక్కడ 1.0 జీబీపీఎస్ ఉండాల్సిన చోట 100 ఎంబీపీఎస్ ఉందంటే కేబుల్ మీద గట్టిగా అనుమానపడొచ్చు.

లాన్ కేబుల్‌లో ఎనిమిది వైర్లు, రెండేసి చొప్పున మెలితిప్పిన నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్ లింక్‌కి వీటిలో రెండు జతలు చాలు. ప్లగ్‌లో 1, 2, 3, 6 పిన్నులు, అంటే మనకు మామూలుగా వచ్చే కేబుల్‌లో ఆరెంజ్, గ్రీన్ జతలు. గిగాబిట్‌కి మాత్రం నాలుగు జతలూ కావాలి. అందుకే బ్లూ జతలోనో బ్రౌన్ జతలోనో ఒక్క వైర్ తెగినా నెట్ పూర్తిగా ఆగిపోదు. స్పీడ్ 100కి పడిపోయి నడుస్తూనే ఉంటుంది. 300 ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకుని, స్పీడ్‌టెస్ట్‌లో ఎప్పుడూ 94 దగ్గరే ఆగిపోతోందని కస్టమర్ కేర్‌తో కొట్లాడే వాళ్ళలో చాలామంది కథ ఇదే.

వైర్ పూర్తిగా తెగితే ఒక రకంగా నయం. సగం తెగి, తగిలీ తగలకుండా ఉంటేనే అసలు నరకం. తగిలినప్పుడు గిగాబిట్, వదిలినప్పుడు లింక్ డౌన్. రెండు వైపుల చిప్పులూ మళ్ళీ మాట్లాడుకుని స్పీడ్ తేల్చుకోవడానికి రెండు మూడు సెకన్లు పడుతుంది. యూట్యూబ్ చూస్తుంటే బఫర్ ఉంటుంది కాబట్టి మీకు తెలియను కూడా తెలియదు. గేమ్‌లోనూ వీడియో కాల్‌లోనూ మాత్రం దొరికిపోతారు. "యూట్యూబ్ బాగానే వస్తోంది, గేమే ఆగుతోంది, సర్వర్ ప్రాబ్లమ్" అనుకునేది ఇందుకే.

కేబుల్‌ని తప్పుపట్టే ముందు ఒక్క మాట. అన్ని పోర్టులూ గిగాబిట్ కావు. ఫైబర్ కనెక్షన్‌తో ఇచ్చే కొన్ని బాక్సుల్లో ఒక లాన్ పోర్టు గిగాబిట్, మిగతావి 100 మాత్రమే ఉంటాయి. వెనకాల పోర్టు మీద జీఈ అని ఉందా, ఎఫ్‌ఈ అని ఉందా చూడండి. ఎఫ్‌ఈ పోర్టులో గుచ్చి గిగాబిట్ రాలేదంటే కేబుల్ ఏం చేస్తుంది పాపం.

ఇప్పుడు కేబుల్ టెస్ట్. ప్రొఫెషనల్ మీటర్ ఏమీ అక్కర్లేదు. పీసీని, కుదరకపోతే ఒక ల్యాప్‌టాప్‌ని, రూటర్ పక్కకే తీసుకెళ్ళి మీటరు, రెండు మీటర్ల రెడీమేడ్ ప్యాచ్ కార్డ్‌తో నేరుగా కలపండి. గంటసేపు పింగ్ నడపండి. ఒక్కసారి కూడా తెగకపోతే దొంగ దొరికినట్టే, గోడ వెంట వెళ్ళే పాత కేబుల్. తెగితే రూటర్‌లో వేరే పోర్టుకి మార్చి మళ్ళీ చూడండి. అప్పటికీ తెగుతుంటే అదే పోర్టుకి ఇంకో ల్యాప్‌టాప్ పెట్టండి. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. కేబుల్, పోర్టు, డ్రైవర్ మూడూ ఒకేసారి మార్చేస్తే బాగుపడొచ్చు కానీ ఎందుకు బాగుపడిందో తెలియదు, వచ్చే నెల మళ్ళీ మొదటికొస్తుంది.

ఇంకో చిన్న ట్రిక్ ఉంది. డివైస్ మేనేజర్‌లో లాన్ అడాప్టర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "స్పీడ్ అండ్ డూప్లెక్స్" అని ఉంటుంది. దాన్ని కాసేపు 100 ఎంబీపీఎస్ ఫుల్ డూప్లెక్స్‌కి మార్చండి. తెగడం ఆగిపోయిందంటే బ్లూ, బ్రౌన్ జతల్లోనే తేడా ఉందని దాదాపు ఖాయం. ఎగ్జామ్ రేపే ఉంటే ఈ సెట్టింగ్‌తో బండి నడిపించొచ్చు కూడా. కానీ అలాగే వదిలేయకండి. ఒక వైపు ఫిక్స్ చేసి రెండో వైపు ఆటోలో ఉంటే, రూటర్ హాఫ్ డూప్లెక్స్‌కి దిగిపోయి స్పీడ్ ఘోరంగా పడిపోయే అవకాశం ఉంది. పని అయ్యాక ఆటో నెగోషియేషన్‌కి తిరిగి పెట్టేయండి.

కేబుల్స్ విషయంలో మన దగ్గర జరిగే మోసాలు, పొరపాట్లు

మొదటిది సీసీఏ. పైన రాగి పూత, లోపల అల్యూమినియం. ధర బాగా తక్కువ కాబట్టి లోకల్ షాపుల్లో "క్యాట్ 6" అని ఇదే అంటగడతారు. నిజానికి స్టాండర్డ్ ప్రకారం క్యాట్ 5ఈ అయినా క్యాట్ 6 అయినా లోపల పూర్తి రాగే ఉండాలి. అల్యూమినియం పెళుసు, రెండు మూడు సార్లు వంచితే విరుగుతుంది, రెసిస్టెన్స్ కూడా ఎక్కువ. వైర్ చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది సీసీఏ.

రెండోది క్రింపింగ్. ప్లగ్‌లో వైర్ల వరస ఇలా ఉండాలి: ఆరెంజ్ తెలుపు, ఆరెంజ్, గ్రీన్ తెలుపు, బ్లూ, బ్లూ తెలుపు, గ్రీన్, బ్రౌన్ తెలుపు, బ్రౌన్. గ్రీన్ జత విడిపోయి, మధ్యలో బ్లూ జత కూర్చోవడం గమనించండి. ఇది తెలియక కొందరు రంగుల జతలని వరసగా, ఆరెంజ్ రెండూ, గ్రీన్ రెండూ, బ్లూ రెండూ అని పెట్టేస్తారు. రెండు చివర్లా అదే వరస ఉంటుంది కాబట్టి చవక టెస్టర్‌లో ఎనిమిది లైట్లూ చక్కగా వెలుగుతాయి. "చూడండి సార్, పర్ఫెక్ట్" అని చూపించి వెళ్ళిపోతారు. ఆ టెస్టర్ చూసేది వైర్ ఆ చివరి దాకా ఉందా లేదా అని మాత్రమే. ఒకే సిగ్నల్‌ని మోసే రెండు వైర్లు వేర్వేరు మెలికల్లోకి పోతే ఒకదాని రొద ఇంకోదానిలోకి చేరుతుంది. చిన్న దూరంలో నడిచినట్టే నడిచి, లోడ్ పడగానే ఎర్రర్లు మొదలవుతాయి. కాబట్టి లైట్లు కాదు, ప్లగ్‌లో రంగులు మీ కళ్ళతో చూడండి.

కేబుల్ పొట్టయితే ఇంకో ముక్క కలిపి, వైర్లు చేత్తో మెలితిప్పి, ఇన్సులేషన్ టేప్ చుట్టడం ఇంకో అలవాటు. కరెంటు వైర్‌కి నడుస్తుందేమో గానీ గిగాబిట్‌కి నడవదు. ప్లగ్ దగ్గర కూడా జతల మెలికలు 13 మిల్లీమీటర్లకి మించి విప్పకూడదనేది లెక్క. పొడవు చాలకపోతే మొత్తం కొత్త కేబుల్ లాగించండి, లేదా మధ్యలో చిన్న గిగాబిట్ స్విచ్ పెట్టండి. కరెంటు వైర్లున్న పైపులోనే లాన్ వైర్ దూర్చడం కూడా వద్దు.

ఆన్‌లైన్‌లో క్యాట్ 7, క్యాట్ 8 అని రాసి అమ్మే రిబ్బన్ లాంటి సన్న కేబుళ్ళ జోలికి వెళ్ళకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఇంట్లో గిగాబిట్‌కి 100 మీటర్ల దాకా మంచి క్యాట్ 5ఈ చాలు. 2.5 గిగాబిట్ కూడా దాని మీద నడుస్తుంది. ఇంకోటి, గోడలో వేసే కేబుల్‌లో ఒక్కో వైరూ ఒకే గట్టి తీగ. దాన్నే పీసీ దాకా తెచ్చి రోజూ కదిలిస్తుంటే ప్లగ్ మొదట్లో విరుగుతుంది. గోడ దగ్గర ఒక లాన్ సాకెట్ పెట్టించి, అక్కడి నుంచి మెత్తటి ప్యాచ్ కార్డ్ వాడితే ఈ బాధ ఉండదు. ప్లగ్ మీద ప్లాస్టిక్ క్లిప్ విరిగిపోతే మాత్రం ఆలోచించకుండా మార్చేయండి. కాగితం మడిచి పెట్టి నడిపించేవాళ్ళని చూశాను, అది నడవదు.

కేబుల్ మంచిదే, పీసీ వైపే తేడా అని తేలితే

ముందుగా పవర్ సేవింగ్ చూడండి. అడాప్టర్ అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో "ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్" అని ఉంటుంది. 2010లో వచ్చిన 802.3 ఏజెడ్ స్టాండర్డ్ ఇది. ట్రాఫిక్ లేనప్పుడు లింక్‌ని కునుకు తీయించి కాస్త కరెంటు మిగులుస్తుంది. రెండు వైపుల చిప్పులకీ దీని మీద సరిగ్గా కుదరకపోతే లింక్ పడిపోతుంది. రియల్‌టెక్ డ్రైవర్లలో "గ్రీన్ ఈథర్‌నెట్" అని ఇంకొకటి ఉంటుంది. రెండూ డిసేబుల్ చేయండి. పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో ఈ డివైస్‌ని కంప్యూటర్ ఆఫ్ చేయొచ్చు అనే టిక్ కూడా తీసేయండి. డెస్క్‌టాప్‌లో దీనివల్ల మీ కరెంటు బిల్లు పెరిగేదేమీ ఉండదు.

2020 తర్వాత గేమింగ్ మదర్‌బోర్డ్ కొన్నవాళ్ళు ఒకసారి లాన్ చిప్ పేరు చూసుకోండి. ఇంటెల్ ఐ225-వి అనే 2.5 గిగాబిట్ చిప్ తొలి రివిజన్లలో హార్డ్‌వేర్ లోపమే ఉంది. కొన్ని స్విచ్‌లు, రూటర్లతో 2.5 గిగాబిట్ స్పీడ్‌లో ప్యాకెట్లు పోగొట్టేది. స్పీడ్‌ని 1 గిగాబిట్‌కి దించడమే దానికి మందు. తర్వాత వచ్చిన ఐ226-విలోనూ కనెక్షన్ పడిపోతోందని 2023లో గోల జరిగింది, దానికి మాత్రం పైన చెప్పిన ఎనర్జీ ఎఫిషియంట్ ఈథర్‌నెట్ ఆఫ్ చేయడమే మొదటి చికిత్స. మీ దగ్గర ఈ చిప్‌లు ఉంటే రూటర్ మార్చే ముందు ఈ రెండు సెట్టింగ్‌లూ తప్పకుండా ప్రయత్నించండి.

డ్రైవర్‌ని విండోస్ అప్‌డేట్ ఇచ్చినదానికి వదిలేయకుండా మదర్‌బోర్డ్ కంపెనీ సైట్ నుంచి దించుకోండి. అప్‌డేట్ తర్వాతే గొడవ మొదలైతే డివైస్ మేనేజర్‌లో రోల్ బ్యాక్ డ్రైవర్ ఉంటుంది. బోర్డుతో వచ్చే "గేమ్ నెట్ బూస్టర్" తరహా సాఫ్ట్‌వేర్ ఉంటే తీసేయండి, దానివల్ల పోయే ప్రాణాలే ఎక్కువ. షట్‌డౌన్ చేసి ఆన్ చేసినా తేడా లేదు అనేవాళ్ళు ఒకసారి రీస్టార్ట్ కొట్టి చూడండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ నిజంగా పూర్తి షట్‌డౌన్ కాదు.

డ్రైవరా, చిప్పా అని తేలకపోతే పెన్‌డ్రైవ్‌లో ఉబుంటు వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై మోడ్‌లో బూట్ చేసి, అదే కేబుల్‌తో గంట పింగ్ నడపండి. అక్కడ తెగకపోతే విండోస్ వైపు సమస్య. అక్కడా తెగితే చిప్పో, పోర్టో పోయింది. పిడుగులు పడే వర్షాకాలంలో టెర్రస్ మీంచి దిగే కేబుళ్ళ వల్ల లాన్ పోర్టులు పోవడం మామూలే. మదర్‌బోర్డ్ మార్చక్కర్లేదు, వెయ్యి రూపాయలు అటూ ఇటూగా పీసీఐ కార్డో, యూఎస్‌బీ గిగాబిట్ అడాప్టరో వస్తుంది.

తప్పు బయట ఉంటే

రూటర్ పింగ్ బాగుండి 8.8.8.8 ఒక్కటే ఆగుతుంటే ఫైబర్ బాక్స్ మీద లైట్లు చూడండి. ఎల్‌ఓఎస్ అనే లైట్ ఎర్రగా వెలిగిందంటే బయటి నుంచి ఫైబర్ వెలుగే రావడం లేదు, మీరు చేయగలిగింది ఏమీ లేదు. ఫైబర్ వైర్ మరీ గట్టిగా మడిచి ఉందేమో మాత్రం చూడండి. అపార్ట్‌మెంట్‌లో కింద స్విచ్ పెట్టి ఫ్లాట్లకి లాన్ కేబుల్ లాగిన కనెక్షన్ అయితే, అక్కడ ఇంకో కథ. ఆ స్విచ్‌కి బ్యాకప్ లేకపోతే మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోగానే నెట్ పోతుంది. ఇంట్లో బాక్స్ ఇన్వర్టర్‌కి మారే క్షణంలో రీస్టార్ట్ అవుతుంటే మాత్రం 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకుంటే ఆ తలనొప్పి పోతుంది. కొనేముందు మీ అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు చూసుకోండి.

కంప్లైంట్ ఇచ్చేటప్పుడు "నెట్ స్లోగా ఉందండీ" అంటే రూటర్ రీస్టార్ట్ చేయమనే చెప్తారు. బదులుగా రెండు పింగ్ విండోలు పక్కపక్కన ఉన్న స్క్రీన్‌షాట్, మూలన గడియారం కనిపించేలా, మూడు నాలుగు సార్లవి తీసి పెట్టుకోండి. "లాన్ కేబుల్ మీదే టెస్ట్ చేశాను, రూటర్ దాకా ఒక్క ప్యాకెట్ పోలేదు, బయటికి ఈ టైమ్‌ల్లో ఆగింది" అని చెప్పి టికెట్ నంబర్ తీసుకోండి. టెక్నీషియన్ వచ్చినప్పుడు పీసీలో పింగ్ నడుస్తూనే ఉండనివ్వండి, అతను ఏ వైర్ కదిపితే ఆగుతోందో ఇద్దరూ చూస్తారు.